30 సెకన్ల శాంపిల్‌ను నమ్మి రిలీజ్ బిల్డ్ చేయొచ్చా?

రాత్రి_డ్యూటీ: గో భాషలో రాసిన మా సర్వీసుకి ప్రొడక్షన్‌లో 30 సెకన్ల సీపీయూ ప్రొఫైల్ (ఏ కోడ్ మీద ఎంత సీపీయూ ఖర్చవుతోందో శాంపిళ్లుగా రాసుకున్న ఫైల్) తీసి, డీఫాల్ట్.పీజీవో అనే పేరుతో మెయిన్ ప్యాకేజీలో పెట్టాను. గో 1.21 నుంచి కంపైలర్ దాన్ని చెప్పకుండానే తీసుకుని, ఎక్కువగా నడిచే కోడ్‌ని ఇంకా వేగంగా నడిచేలా బిల్డ్ చేస్తుంది. సీపీయూ వాడకం కాస్త తగ్గింది. మా లీడ్ మాత్రం ఒప్పుకోవట్లేదు. "సెకనుకు వంద శాంపిళ్లా? అదీ ఒక కొలతేనా? ప్రతి బ్రాంచీకీ (ఇఫ్, లూప్ లాంటి మలుపుకి) ఎన్నిసార్లు నడిచిందో లెక్కపెట్టే కౌంటర్ పెట్టాలి" అంటున్నారు. మీరేమంటారు?

పాతకాపు: గోలో ఆ కౌంటర్ల దారి లేదు గానీ, ఆయన మాటలో న్యాయముంది. సీ, సీ++ కంపైలర్ క్లాంగ్‌లో కౌంటర్లతో బిల్డ్ చేస్తే ఏ బ్రాంచి ఎన్నిసార్లు నడిచిందో కచ్చితంగా తెలుస్తుంది. శాంపిల్ ఒక్కోసారి పక్క ఇన్‌స్ట్రక్షన్ మీద పడుతుంది.

కూకట్‌పల్లి_కెర్నల్: కచ్చితమే, కానీ దేని లెక్క అది? కౌంటర్లున్న బైనరీ ఈడ్చుకుంటూ నడుస్తుంది, కస్టమర్ల ముందు పెట్టలేం. అందుకని ఏదో బెంచ్‌మార్క్ మీద నడుపుతాం. పెళ్లి వంటకి సరుకులు రాయమంటే ఇంట్లో నలుగురు తినేది గ్రాముల్లో తూచినట్టు! శాంపిల్ ముతకదే, కానీ అసలు పంక్తిలో తీసింది. గూగుల్ వాళ్ల ఆటోఎఫ్‌డీవో అనే సిస్టమ్ చేసేదీ ఇదే, ప్రొడక్షన్ శాంపిళ్లతో కంపైలర్‌కి దారి చూపడం. 2016 పేపర్‌లో వాళ్ల బెంచ్‌మార్కుల మీద సగటున 10.5 శాతం లాభం చూపించారు. లైనక్స్ కెర్నల్‌లోకీ 6.13తో వచ్చేసింది. ఇక పక్కన పడే జబ్బుకి ఇంటెల్ చిప్పుల్లో ఎల్‌బీఆర్ (ఈమధ్య జరిగిన దూకుళ్లని చిప్పే రాసుకునే రికార్డు) ఉంది. స్కైలేక్‌లో అయితే ప్రతి శాంపిల్‌తో పాటు చివరి 32 దూకుళ్లు ఎక్కణ్ణుంచి ఎక్కడికో దొరుకుతాయి.

పాతకాపు: సరే, మరి ప్రొఫైల్ పాతబడితే? క్లాంగ్ శాంపిల్ ప్రొఫైల్‌లో లైన్ నంబర్ ఫంక్షన్ మొదటి నుంచి లెక్క. 7వ లైన్లో లూప్ వేడిగా ఉందని, అంటే చాలా ఎక్కువసార్లు నడుస్తోందని రాసుంది. ఎవరో దానిపైన రెండు లాగ్ లైన్లు చేర్చారు. లూప్ 9కి జారింది. ఇప్పుడు కంపైలర్ 7లో ఉన్న ఎర్రర్ చెక్‌ని నెత్తిన పెట్టుకుంటుంది.

రాత్రి_డ్యూటీ: ఫంక్షన్ మొదటి నుంచే లెక్క కాబట్టి పక్క ఫంక్షన్లకి ఏమీ కాదు కదండీ?

పాతకాపు: కాదు. మీ సీపీయూ అంతా తినేది ఆ ఒక్క ఫంక్షనే అయితేనో?

కూకట్‌పల్లి_కెర్నల్: అయినా ప్రోగ్రాం తప్పు జవాబివ్వదు, స్పీడు తగ్గుతుంది అంతే. రిలీజ్ రిలీజ్‌కీ కొత్త ప్రొఫైల్ తీస్తే సరి. నా డౌటు వేరే. ఆ 30 సెకన్లు ఏ టైంలో తీశారు?

రాత్రి_డ్యూటీ: తెల్లవారుజామున మూడింటికి. నా డ్యూటీ అప్పుడేగా.

పాతకాపు: బాబూ, అది బ్యాకప్ జాబ్ ప్రొఫైల్!

కూకట్‌పల్లి_కెర్నల్: పగలు రద్దీలో నాలుగైదు మెషీన్ల నుంచి తీసి, గో ప్రొఫైల్ టూల్ పీప్రాఫ్‌తో కలపండి. లీడ్‌తో వాదన ఆ తర్వాత పెట్టుకోండి.