పత్తి ఏరే రోజుల్లో అమ్మకు మాటిమాటికీ మూత్రంలో మంట: కల్చర్ చేయించాలా?

మునుగోడు ఆడబిడ్డ:

అందరికీ నమస్తే. మాది మునుగోడు దగ్గర పల్లె. పెళ్లయ్యాక నేను హైదరాబాద్‌లో ఉంటున్నా, ఊళ్లో అమ్మానాన్న ఇద్దరే. అమ్మకు అరవై దగ్గర పడుతున్నాయి. షుగర్ ఉంది, మాత్రలు వాడుతుంది. దసరా ముందు మూత్రంలో మంట అంటే ఊళ్లో ఆర్‌ఎంపీ ఒక సూది వేసి రెండు రోజులకు గోలీలిచ్చాడు. తగ్గింది. దీపావళి అయ్యాక మళ్లీ వచ్చింది. నాన్న ఆ పాత గోలీల అట్ట పట్టుకుపోయి మెడికల్ షాపులో అవే తెచ్చాడు. ఇప్పుడు మళ్లీ మొదలైంది, ఈసారి ఆ గోలీలకు గుణం కనిపించలేదు. జ్వరం లేదు. ఊరికూరికే ఒంటికి పోవాలనిపిస్తుందట, పోతే నాలుగు చుక్కలు, మంట.

"ఏం లేదు బిడ్డా, ఎండకు వేడి చేసింది" అంటుంది అమ్మ. పత్తి ఏరడానికి పోతే పొద్దంతా నీళ్లు ముట్టదు. తాగితే ఒంటికి పోవాలి, చేను చుట్టూ మనుషులుంటారు, ఎక్కడ కూర్చోను అంటుంది. ఇంకొకటి, మా వైపు బోరు నీళ్లలో ఎముకలను వంకర చేసే ఫ్లోరైడ్ ఎక్కువ, ఆ సంగతి మీకు తెలిసిందే. వంకర కాళ్లను చూస్తూ పెరిగిన మనిషి. నీళ్లు ఎక్కువ తాగమంటే భయపడుతుంది. మూత్రంలో ఏ సూక్ష్మజీవి ఉందో, దానికి ఏ మందు పనిచేస్తుందో చూసే కల్చర్ పరీక్ష అని ఒకరు చెప్పారు. అది చేయించాలా, లేక బార్లీ నీళ్లతో సరిపోతుందా?

దేవరకొండ కోడలు:

చెల్లె, మా అత్తమ్మకు కూడా ఇట్లనే అయింది. బార్లీ నీళ్లు, పల్చటి మజ్జిగ ఇస్తే మంట కొంచెం నెమ్మదించింది కానీ రోగం పోలేదు. చివరికి చలిజ్వరం వచ్చి నల్లగొండలో అడ్మిట్ చేయాల్సి వచ్చింది. బార్లీ ఇవ్వు, దాని మీదే ఆధారపడకు. అమ్మకు షుగర్ ఉంది కాబట్టి బార్లీలో చక్కెర వేయకు.

పాలమూరు ల్యాబ్ అన్న:

అమ్మా, నేను మహబూబ్‌నగర్‌లో ఒక ల్యాబులో కల్చర్ సెక్షన్ చూస్తాను. డాక్టర్ని కాదు, మందు రాయను. కానీ మీ ప్రశ్నలో నా పనికి సంబంధించినది చాలా ఉంది.

కల్చర్ తప్పకుండా చేయించండి. ఇంకో గోలీ వేయక ముందే చేయించండి. యాంటీబయాటిక్ పడ్డాక ఇచ్చిన మూత్రంలో సూక్ష్మజీవి సగం చచ్చి ఉంటుంది, ప్లేటు మీద పెరగదు. రిపోర్టులో "గ్రోత్ లేదు" అని వస్తుంది, మంట మాత్రం అట్లనే ఉంటుంది. ఇప్పటికే గోలీలు పడ్డాయి కాబట్టి ఎప్పుడు వేసిందో, ఏ గోలీయో డాక్టరుకూ ల్యాబు వాళ్లకూ చెప్పండి.

మేం చేసేది ఇది. మీరిచ్చిన మూత్రంలో ఒక బొట్టును, సూక్ష్మజీవులకు మేత పోసి ఉంచిన ప్లేటు మీద గీసి, 37 డిగ్రీల వేడిలో రాత్రంతా ఉంచుతాం. పొద్దున తీసి చూస్తే ఎక్కువ మందిలో గులాబీ రంగు చుక్కలు కనిపిస్తాయి. అది ఈ కోలై, మన పేగుల్లో ఉండేదే. అక్కడ ఉంటే ఏమీ చేయదు, మూత్రనాళంలోకి వస్తేనే తంటా. ఆడవాళ్లలో ఆ నాళం పొడవు దాదాపు 4 సెంటీమీటర్లే, అందుకే వాళ్లకు ఎక్కువ. తర్వాత ఆ జీవిని ఇంకో ప్లేటు నిండా పరిచి, దాని మీద మందుల బిళ్లలు పెడతాం. కాగితపు బిళ్లలు, మీ చొక్కా గుండీ కంటే చిన్నవి. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ గుండ్రంగా ఖాళీ ఏర్పడుతుంది. పనిచేయకపోతే బిళ్ల అంచు దాకా జీవి పెరిగి ఉంటుంది. సిప్రోఫ్లాక్సాసిన్, సెఫిక్సిమ్ బిళ్లల చుట్టూ ఖాళీ లేని ప్లేట్లు నేను రోజూ చూస్తున్నా. ఊళ్లలో మంట అనగానే అలవాటుగా ఇచ్చే గోలీలు ఎక్కువగా అవే. నైట్రోఫ్యూరాంటోయిన్, ఫాస్ఫోమైసిన్ అనే పాత మందులు చాలామందిలో ఇంకా పనిచేస్తున్నాయి. ఏది ఇవ్వాలో డాక్టరే చెప్పాలి, ఎందుకంటే నైట్రోఫ్యూరాంటోయిన్ మూత్రాశయం వరకే పనిచేస్తుంది. కిడ్నీకి ఎక్కిన ఇన్ఫెక్షన్‌కు చాలదు, కిడ్నీ బలం బాగా తగ్గినవాళ్లకు ఇవ్వరు. అమ్మకు షుగర్ ఉంది కాబట్టి కిడ్నీ ఎంత పనిచేస్తుందో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష కూడా చేయించుకోండి.

శాంపిల్ ఇచ్చే తీరు చాలా ముఖ్యం. ఇంట్లో కడిగిన టానిక్ సీసాలో పట్టి, బస్సులో మూడు గంటలు తెచ్చినవి మా దగ్గరికి వస్తాయి. వాటిలో నాలుగు రకాల జీవులు కలిసి పెరుగుతాయి, ఏది అసలైందో చెప్పలేం, మళ్లీ ఇవ్వమంటాం. ల్యాబు వాళ్లిచ్చే స్టెరైల్ డబ్బాలోనే, అంటే ఏ సూక్ష్మజీవీ లేకుండా శుద్ధి చేసిన దాంట్లోనే పట్టాలి. మంచినీళ్లతో కడుక్కుని, మొదటి ధార వదిలేసి, మధ్యలో వచ్చేది పట్టి, లోపలి అంచుకు వేలు తగలకుండా మూత పెట్టాలి. రెండు గంటల్లో ల్యాబుకు చేరాలి. వీలైతే ల్యాబులోనే పట్టివ్వండి, అమ్మను ఒకపూట నల్లగొండ తీసుకుపోండి.

చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు, వీటిలో ఏది కనిపించినా రిపోర్టు కోసం ఆగొద్దు. శాంపిల్ ఇచ్చేసి వెంటనే ఆసుపత్రిలో మందు మొదలుపెట్టించండి. అది కిడ్నీకి ఎక్కినట్టు.

ఫ్లోరైడ్ విషయం. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఫ్లోరైడ్ వల్ల రాదు. అయితే అమ్మ భయం తప్పు కాదు, నీళ్లు తాగొద్దనే తీర్మానం తప్పు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన బోరు నీళ్లు తాగకూడదు, మరగబెట్టినా ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఇంటికి సర్కారు మిషన్ భగీరథ నల్లా ఉంటే ఆ కృష్ణా నీళ్లే తాగడానికి, చేనుకు బాటిల్ నింపుకోవడానికి వాడమనండి. చేలో బోరు మోటరు నీళ్లు తాగొద్దు. నీళ్లు ఎంత పనిచేస్తాయో 2018లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. మాటిమాటికీ మూత్రాశయం ఇన్ఫెక్షన్ వస్తూ, తక్కువ నీళ్లు తాగే 140 మంది ఆడవాళ్లలో సగం మందికి రోజూ 1.5 లీటర్లు అదనంగా ఇచ్చారు. ఏడాదిలో వాళ్లకు సగటున 1.7 సార్లు వస్తే, మిగతావాళ్లకు 3.2 సార్లు వచ్చింది. వాళ్లంతా ముట్లు ఆగని వయసువాళ్లు, అయినా మీ అమ్మకూ పనికొచ్చే మాటే. గుండె జబ్బో కిడ్నీ జబ్బో ఉంటే మాత్రం ఎంత తాగాలో డాక్టర్ని అడగాలి.

మీ అమ్మ వయసులో ఇంకో కారణం ఉంటుంది. ముట్లు ఆగాక ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గి, అక్కడి చర్మం పల్చబడుతుంది, మనల్ని కాపాడే మంచి బ్యాక్టీరియా తగ్గుతుంది. దానికి లోపల రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీమ్ ఉంది, మళ్లీ మళ్లీ రావడాన్ని తగ్గిస్తుంది. గైనకాలజిస్టును అడగడానికి అమ్మ సిగ్గుపడితే మీరు పక్కన కూర్చుని అడగండి. షుగర్ గోలీల పేరు కూడా చూపించండి. డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి మూత్రంలోకి చక్కెరను పంపుతాయి, అప్పుడు ఫంగస్ వల్ల దురద, మంట రావచ్చు. దానికి యాంటీబయాటిక్ పనిచేయదు. సొంతంగా షుగర్ గోలీ ఆపొద్దు.

కల్వకుర్తి రైతు:

అన్నా, మా నాయినకు డెబ్బై. ధార సన్నగా వస్తుంది, మంట కూడా ఉంది. ఆ ఫాస్ఫోమైసిన్ తెచ్చి ఇవ్వొచ్చా?

పాలమూరు ల్యాబ్ అన్న:

ఇవ్వొద్దు తమ్ముడూ. మగవాళ్లలో, అందులో ఈ వయసులో, ప్రొస్టేట్ వాపు వల్ల మూత్రం పూర్తిగా ఖాళీ కాక లోపల నిల్వ ఉండి ఇన్ఫెక్షన్ వస్తుంది. కల్చర్‌తో పాటు పొట్ట స్కాన్ చేసి, పోసుకున్నాక ఎంత మిగిలిందో చూస్తారు. మందు కూడా ఎక్కువ రోజులు వాడాలి. యూరాలజిస్టుకు చూపించండి. అసలు మూత్రమే రావడం ఆగిపోతే ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకుపోండి.

నాగర్‌కర్నూల్ సిస్టర్:

నేను స్టాఫ్ నర్సుని. మంచి నీళ్ల మాట చెప్పడం తేలిక, పత్తి చేలో ఆడవాళ్ల బాధ వేరు. ఆపుకుంటే మూత్రాశయంలో జీవులు పెరగడానికి టైమ్ దొరుకుతుంది. నేను మా దగ్గరికొచ్చే కూలీలకు చెప్పేదేంటంటే, ఇద్దరు ముగ్గురు కలిసి పొండి, ఒకామె చీర అడ్డం పట్టాలి. నలుగురికి వచ్చే కష్టమే కాబట్టి ముందు ఒకరు నోరు తెరిస్తే మిగతావాళ్లూ కదులుతారు. చేనుగల ఆసామి గట్టు మీద నాలుగు కర్రలు పాతి పాత పరదా కడితే ఇంకా మంచిది, అడగడానికి మొహమాటపడొద్దు. ఇంకా, గర్భిణులకు మంట లేకపోయినా మూత్రంలో ఇన్ఫెక్షన్ కనబడితే మందు వాడాలి, వదిలేయకూడదు. గర్భిణి కాని మనిషికి ఏ బాధా లేకుండా చీము కణాలు కనబడ్డాయని మాత్రం మందు వేయాల్సిన పని లేదు.

మునుగోడు ఆడబిడ్డ:

అందరికీ చాలా థాంక్స్. అమ్మను నల్లగొండ తీసుకుపోయి ల్యాబులోనే శాంపిల్ ఇప్పించా. రిపోర్టు వచ్చింది, ఈ కోలై మిల్లీలీటరుకు లక్షకు పైన అని ఉంది. సిప్రో, సెఫిక్సిమ్ రెండింటి ఎదుట ఆర్, అంటే పనిచేయవని, నైట్రోఫ్యూరాంటోయిన్ ఎదుట ఎస్, అంటే పనిచేస్తుందని. నాన్న తెచ్చింది ఆ సిప్రోనే. క్రియాటినిన్ బాగుంది. డాక్టర్ నైట్రోఫ్యూరాంటోయిన్ ఐదు రోజులకు రాశారు. షుగర్ మాత్రం ఎక్కువ ఉంది, దాని గోలీ మార్చారు. మందు అయ్యాక మళ్లీ కల్చర్ చేయించాలా అన్నా?

పాలమూరు ల్యాబ్ అన్న:

మంట పూర్తిగా తగ్గితే అక్కర్లేదు. తగ్గకపోయినా, రెండు వారాల్లో తిరిగొచ్చినా మళ్లీ ఇవ్వండి. గోలీలు అన్నం తిన్నాక వేయండి, మూత్రం ముదురు పసుపు రంగుకో గోధుమ రంగుకో మారితే భయపడొద్దని అమ్మకు ముందే చెప్పండి. రెండో రోజుకే హాయిగా ఉందని మిగిలినవి దాచిపెట్టనీయకండి. ఈ రిపోర్టు ఫొటో తీసి ఫోన్లో ఉంచుకోండి, ఇక ముందు ఏ డాక్టర్ దగ్గరికి పోయినా మొదట అదే చూపించండి.