పాటలో లేని మాటను దృశ్యంతో చెప్పవచ్చునా? బీల వీడియోపై చర్చ

నాగావళి తీరం (శ్రీకాకుళం):
సోంపేట బీలలో, అంటే అక్కడి చిత్తడి నేలల్లో, మన కుర్రాళ్లు తీసిన పాట వీడియో కొద్ది రోజులుగా జిల్లాలో అందరి ఫోన్లలోనూ తిరుగుతోంది. వినడానికి అది నాట్ల పాట. ప్రభుత్వం గురించి గానీ, కరెంటు ప్లాంటు గురించి గానీ అందులో ఒక్క ముక్క లేదు. కానీ రెండో చరణం దగ్గర గట్టు మీద ఖాకీ దుస్తుల వరుస ఒకటి నిలబడి ఉంటుంది, ఎదురుగా మోకాటి లోతు నీటిలో ఒక పిల్లవాడు మన జానపద నృత్యం తప్పెటగుళ్లు ఆడుతుంటాడు, చరణం ముగిసేసరికి ఆ వరుస చేతులు పైకెత్తుతుంది.

2016లో వచ్చిన అమెరికా గాయని బియాన్సే పాట వీడియో 'ఫార్మేషన్' చూసినవారికి ఇది వెంటనే తడుతుంది. అందులో హుడీ వేసుకున్న నల్లజాతి బాలుడు పోలీసుల వరుస ముందు నాట్యం చేస్తాడు, వాళ్లు చేతులెత్తుతారు, గోడ మీద 'మమ్మల్ని కాల్చడం ఆపండి' అన్న రాత కనిపిస్తుంది. థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దన్న రైతులపై 2010 జులై 14న పోలీసు కాల్పులు జరిగిన బీలలోనే ఆ దృశ్యాన్ని మళ్లీ కట్టడం చాలా ధైర్యమైన పని అని నా అభిప్రాయం. మీరేమంటారు?

తప్పెట వారసుడు (విజయనగరం):
ఆ పిల్లవాడు గుల్లను, అంటే ఆ ఆటలో వాయించే తప్పెటను, నడుముకు కట్టుకున్నాడండీ. రేకు గుల్ల ఛాతీ మీద వేలాడాలి, రెండు చేతులతో వాయించాలి. ఇతడు పుల్లలు పట్టుకున్నాడు. ఇంతమాత్రం తెలుసుకోనివారు రాజకీయం ఏం చెబుతారు?

కోట వీధి:
ఫార్మేషన్ సంగతి నాకు తెలియదు. అయినా ఆ చరణం దగ్గర ఒళ్లు గగుర్పొడిచింది.

నాగావళి తీరం:
వారసుడు గారూ, గుల్ల ఎక్కడ కట్టుకున్నాడన్నది ప్రశ్న కాదు. 2018లో వచ్చిన నల్లజాతి అమెరికా గాయకుడు చైల్డిష్ గాంబినో 'దిస్ ఈజ్ అమెరికా' వీడియోనే తీసుకోండి. గాయకుడు ముసుగు వేసిన మనిషిని వెనుక నుంచి కాల్చే ముందు ఒళ్లు వంకరగా తిప్పి నిలబడతాడు. నల్లవారిని వెక్కిరించడానికి 19వ శతాబ్దంలో తెల్లవారు ముఖానికి మసి పూసుకుని ఆడిన జిమ్ క్రో వేషం బొమ్మలో ఉన్న భంగిమ అదేనని ఎందరో గుర్తుపట్టారు. కాల్చిన తుపాకీని ఒకరు ఎర్రగుడ్డలో భద్రంగా అందుకుంటారు, శవాన్ని మాత్రం నేల మీద ఈడ్చుకుపోతారు. తరువాత పాడుతున్న చర్చి బృందం మొత్తాన్ని కాల్చేస్తాడు. 2015లో అమెరికాలోని చార్లెస్టన్‌లో నల్లవారి చర్చిలో 9 మందిని కాల్చి చంపిన ఘటన అక్కడి ప్రేక్షకుల మనసులో ఇంకా పచ్చిగానే ఉంది. ఇవేవీ పాటలో మాటలుగా లేవు. ముందు వరుసలో పిల్లలు హుషారుగా ఆడుతుంటే మన కన్ను వాళ్ల మీదే నిలుస్తుంది, వెనుక జరుగుతున్న ఘోరం రెండోసారి చూసినప్పుడు గానీ పట్టుబడదు. అలా చూడకుండా వదిలేస్తున్నామన్నదే అక్కడి ఆరోపణ. పాట చెప్పలేనిదాన్ని దృశ్యం ఆ విధంగా చెబుతుంది.

తప్పెట వారసుడు:
అమెరికాలో వాళ్ల గుర్తులు వాళ్లకు తెలుసు. గద్దర్ భుజాన గొంగళి చూసి, పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టిన వంగపండు ప్రసాదరావు కాలి గజ్జెలు చూసి మన పల్లెల్లో ఎవరైనా అర్థం అడిగారా? ఆ గుర్తులు ఆడేవాడి బతుకులోంచి వచ్చాయి. మా నాన్నగారు జీవితమంతా తప్పెటగుళ్లు ఆడారు. ఒక ఉత్సవానికి పిలిచి, ఎండలో మధ్యాహ్నం దాకా నిలబెట్టి, ఊరేగింపులో నడిపించి, ఒక శాలువా కప్పి పంపేశారు. దారి ఖర్చులు కూడా ఇవ్వలేదు. కళ అందరికీ అలంకారానికే కావాలి. ఈ వీడియోలోనూ నాకు అదే కనిపిస్తోంది. నడుముకు కట్టిన గుల్ల గురించి నేను పట్టుపట్టేది అందుకే.

జీడితోట (పలాస):
2021లో వచ్చిన తమిళ పాట 'ఎంజాయ్ ఎంజామి' వీడియోలో గాయకుడు అరివు తన అవ్వను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. తేయాకు తోటల్లో చాకిరీ చేసిన పూర్వీకుల కథ అది. ఇంటివాడే చెబితే ఈ పేచీ ఉండదు.

నాగావళి తీరం:
ఇంటివాళ్లు మాత్రమే చెప్పాలంటే ఎన్నో విషయాలు ఎవరూ చెప్పకుండానే పోతాయి. నేను పాఠం చెప్పే కళాశాలలో సోంపేట అనగానే రైలు స్టేషను తప్ప మరేమీ తెలియని పిల్లలున్నారు. కాల్పులు జరిగిన రోజునే ఆ ప్లాంటు పర్యావరణ అనుమతి రద్దయిందన్న సంగతి వాళ్లకు ఏ పుస్తకమూ చెప్పలేదు. ఈ వీడియో చూశాక ఒక అమ్మాయి నా దగ్గరకు వచ్చి, 'మేడమ్, ఆ గట్టు మీద నిజంగా ఏం జరిగింది?' అని అడిగింది. తప్పెట నడుముకు ఉందని ఈ వీడియోను కొట్టిపారేసేవారు ఆ అమ్మాయికి ఏం సమాధానం చెబుతారు?

బీల గట్టు (సోంపేట):
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను, ఇక ఊరుకోలేను. మేడమ్ గారూ, మాది ఆ బీల పక్క ఊరే. మా మేనమామ ఆ రోజు గాయపడ్డారు, ఆ తరువాత ఏళ్ల తరబడి వాయిదాలకు తిరిగారు. ఈ వీడియోను మా చెల్లి అమ్మకు చూపించింది. నీళ్లు, గట్టు, నాట్లు వేసే ఆడవాళ్లు కనిపించినంతసేపూ అమ్మ చూసింది. ఖాకీలు చేతులెత్తగానే ఫోను బోర్లా పెట్టేసి, 'ఆ రోజు ఎవరెత్తార్రా చేతులు?' అంది. మీరంతా గుల్ల గురించి, అమెరికా గురించి వాదించుకుంటున్నారు. మా వాళ్ల మీద తూటాలు పేలిన చోట లొంగిపోయిన పోలీసులను చూపించారు. చూసిన పిల్లలు చివరికి అంతా సర్దుకుందనుకుంటారు. మీ విద్యార్థులకు పాఠం దొరికిందని మీరు సంతోషిస్తున్నారు. ఆ పాఠం అబద్ధం.

నాగావళి తీరం:
అది అబద్ధం కాదు, కోరిక. ఫార్మేషన్‌లోనూ జరిగినదాన్ని చూపించలేదు. జరగవలసినదాన్ని చూపించారు. నిరాయుధులైన పిల్లలు చేతులెత్తినా కాల్చే చోట పోలీసుల చేతనే చేతులెత్తించడంలో నిరసన ఉంది.

బీల గట్టు:
చేతులెత్తినవాళ్లను కూడా కాల్చారన్న సంగతి అక్కడ దేశమంతా మాట్లాడుకుంది కాబట్టి దాన్ని తిరగేస్తే చూసేవారికి అందింది. మా సంగతి తెలియనివారే ఎక్కువని మీరే అన్నారు. జరిగింది తెలియనివాడికి కోరికను చూపిస్తే దాన్నే చరిత్ర అనుకుంటాడు.

తప్పెట వారసుడు:
నేను చెప్పాలనుకున్నదీ ఇదే, తమ్ముడూ.

బీల గట్టు:
మీరు చెప్పింది గుల్ల గురించండీ. గుల్ల సరిగ్గా కట్టుకున్నా మా అమ్మ ఫోను బోర్లా పెట్టేది.

జీడితోట:
ఫార్మేషన్ మీద కూడా కేసు పడింది. 2010లో న్యూ ఓర్లీన్స్‌లో హత్యకు గురైన ఒక యువకుడి గొంతును అనుమతి లేకుండా వాడుకున్నారని అతని వారసులు 2017లో దావా వేశారు. తరువాత రాజీ కుదిరింది.

నాగావళి తీరం:
గట్టు గారూ, ఆ వీడియో తీసిన పిల్లల్లో ఇద్దరు నాకు తెలుసు. మీ ఊరికి వచ్చి మీ అమ్మగారితోనూ, ఆనాటి కుటుంబాలతోనూ మాట్లాడమని చెబుతాను. వాళ్లు వింటారు.

బీల గట్టు:
రానివ్వండి. కానీ ఆ చరణం తీసేయమని అమ్మ అంటే తీసేస్తారా?

నాగావళి తీరం:
అది తీసేస్తే మిగిలేది నాట్ల పాటే. కాల్పుల సంగతి చెప్పేది ఆ ఒక్క దృశ్యమే. చేతులెత్తడం తీసేసి, ఖాకీ వరుసను గట్టు మీద అలాగే నిలబెట్టి ఉంచమని అడుగుతాను.

బీల గట్టు:
నిలబడి ఉన్నవాళ్లనైతే అమ్మ చూస్తుందేమో. వాళ్లను వచ్చి అడగమనండి.