అప్‌డేట్: రోల్ ఫెయిలైనా ఇప్పుడు ఆట ఆగడం లేదు

ట్రావెలర్ అనే అంతరిక్ష రోల్‌ప్లేయింగ్ ఆటలో జంప్ (ఓడ ఒక నక్షత్రం నుంచి మరోదానికి దూకడం) కోసం వేసే ఆస్ట్రోగేషన్ రోల్ (దారి లెక్క సరిగ్గా కుదిరిందో లేదో పాచికలు వేసి తేల్చడం) ఫెయిలైతే కథ అక్కడే ఆగిపోతోంది, ఏం చేయమంటారని అడిగాను కదా. ‘ఓడ ఎలాగూ వెళ్తుంది, ఎక్కడ తేలుతుందో రోల్ చెప్పాలి’ అని ఒకరు ఇచ్చిన సలహా పట్టుకున్నాను.

మొన్న ఆడి చూశాం. రెండు పార్సెక్‌ల (నక్షత్రాల మధ్య దూరాన్ని కొలిచే ప్రమాణం) జంప్. దూరం ఎంతైనా ప్రయాణం సుమారు వారమే, 1977లో వచ్చిన మొదటి నియమాల నుంచీ అంతే. దాన్ని కదపలేదు. మా నావిగేటర్ పాచికలు వేస్తే 2, 1 పడ్డాయి, రోల్ ఫెయిల్. ఇంతకుముందైతే ‘మళ్లీ వెయ్యి’ అనేవాణ్ణి. ఈసారి ఓడ గ్రహానికి చాలా దూరంలో తేలింది. పార్సెక్‌కు ఓడ పరిమాణంలో 10 శాతం చొప్పున జంప్ ఇంధనమంతా అయిపోయింది. దగ్గర్లోని గ్యాస్ జెయింట్ (గురుడి లాంటి భారీ వాయు గ్రహం) నుంచి ఇంధనంగా హైడ్రోజన్ తోడుకోవాలా, మిగిలిన మామూలు ఇంధనంతో గ్రహం వైపు నెమ్మదిగా వెళ్లాలా? ఆటగాళ్లు గంటసేపు వాదించుకున్నారు. అంత టెన్షన్ మా ఆటలో ఏ యుద్ధంలోనూ చూడలేదు, నాకు ఎంత సంతోషమేసిందో!

ఒక్కటి మారుస్తున్నాను. ఇకపై ఆ పాచికలు గిన్నె కింద మూసి ఉంచి, జంప్ ముగిశాకే తీస్తాం. ఫలితం ముందే తెలిస్తే ఆ వారమంతా ఓడలో గుబులే ఉండదు.