మూడో తరగతి పాపకు టైప్ 1 మధుమేహం: బడిని ఏమని అడగాలి, ఎలా అడగాలి?

ప్రశ్న (ఒక తల్లి, ఖమ్మం)

అందరికీ నమస్కారం. మా పాప ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతి చదువుతోంది. సంక్రాంతి సెలవుల్లో విపరీతంగా దాహం వేయడం, రాత్రిళ్ళు పదేపదే మూత్రానికి లేవడం, చూస్తుండగానే చిక్కిపోవడం గమనించి ఆసుపత్రికి తీసుకువెళితే టైప్ 1 మధుమేహమని తేల్చారు. ఇప్పుడు మూడు పూటలా భోజనానికి ముందు ఒకసారి, రాత్రి పడుకునే ముందు మరొకసారి ఇన్సులిన్ తీసుకుంటోంది. ఉదయం, రాత్రి సూదులు ఇంట్లోనే కాబట్టి వాటితో ఇబ్బంది లేదు. మధ్యాహ్నం సూది సంగతీ, బడిలో ఉండగా షుగర్ పడిపోతే ఎవరు ఏం చేయాలన్న సంగతీ ఎటూ తేలడం లేదు.

గ్లూకోమీటర్‌లో సూది ఉంటుంది కనుక సంచిలో పెట్టి పంపవద్దని, ఇన్సులిన్ పెన్ను ఆఫీసు గదిలో ఉంచాలని, తరగతి జరుగుతుండగా ఏదీ తినకూడదన్న నియమాన్ని ఒక్కరి కోసం సడలించలేమని బడివారు చెబుతున్నారు. పీఈటీ పీరియడ్‌లో పాపను పక్కన కూర్చోబెడుతున్నారు. పైగా, బడి వేళల్లో ఏం జరిగినా యాజమాన్యానికి బాధ్యత లేదని రాసి సంతకం చేయమంటున్నారు. నేను ఉద్యోగస్థురాలిని కావడం వల్ల రోజూ లంచ్ బెల్ సమయానికి బడికి వెళ్ళడం సాధ్యం కావడం లేదు. ప్రస్తుతం మా అత్తగారు ఆటోలో వెళ్ళి సూది వేయించి వస్తున్నారు. ఆమెకు మోకాళ్ళ నొప్పులు, ఎండలు ముదిరితే వెళ్ళలేరు. బడి మార్చడమే మార్గమని మా బంధువులంటున్నారు. బడిని మనం న్యాయంగా ఏమేమి అడగవచ్చో, ఏ కాగితాలు చూపించవచ్చో అనుభవమున్నవారు చెప్పగలరా?

సమాధానం 1 (ఇంటర్ చదువుతున్న అబ్బాయి తల్లి, విజయవాడ)

అమ్మా, ముందుగా ఆ కాగితం మీద సంతకం చేయకండి. అయితే ఊరికే కుదరదని వచ్చేస్తే బడికీ మీకూ మధ్య పంతం మొదలవుతుంది. కాబట్టి దానికి బదులుగా మీరే ఇంకో కాగితం తయారు చేసి తీసుకువెళ్ళండి. పాప ఫోటో, మీ ఇద్దరి ఫోన్ నంబర్లు, డాక్టర్ గారి సంతకం, ముద్ర ఉండి, ఏ సమయంలో షుగర్ చూడాలి, ఎంత ఉంటే ఏం చేయాలి, ఎవరు చేయాలి అన్నవి ఒకే పేజీలో ఉండాలి. రెండో పేజీ ఉన్న కాగితాన్ని బడిలో ఎవరూ తిరగేయరు. ప్రిన్సిపాల్ గారు, క్లాస్ టీచర్, మీరు ముగ్గురూ దాని మీద సంతకాలు చేసి తలా ఒక ప్రతి ఉంచుకోండి. బాధ్యత లేదని రాసిచ్చే కాగితం ఎవరినీ కాపాడదు. ఎవరి పని ఏమిటో రాసిన కాగితం పాపతో పాటు బడిని కూడా కాపాడుతుంది. ప్రిన్సిపాల్ గారితో ఈ మాట అనండి, చాలామంది అర్థం చేసుకుంటారు.

ఆ పేజీలో అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాలతో రాయవలసినది ఒకటుంది. షుగర్ పడిపోయినట్లు అనుమానం వచ్చిన బిడ్డను ఆఫీసు గదికి గానీ, నీళ్ళ దగ్గరకు గానీ ఒంటరిగా పంపకూడదు. మెట్లు దిగుతూ కళ్ళు తిరిగి పడిపోయే ప్రమాదముంది. ఇంకో చిన్న పిల్లను తోడిచ్చి పంపడం కూడా సరికాదు. బిడ్డ ఎక్కడ కూర్చుని ఉందో అక్కడికే గ్లూకోజ్ రావాలి. అందుకే చక్కెర డబ్బా ఆఫీసులో ఉంటే సరిపోదని, తరగతి గదిలోనే ఉండాలని గట్టిగా అడగండి. దీని మీద మాత్రం రాజీ పడకండి. మిగిలినవన్నీ అటూ ఇటూ సర్దుకోవచ్చు.

మా వాడికి ఒక చిన్న స్టీలు డబ్బా ఇచ్చేవాళ్ళం. అందులో గ్లూకోజ్ పొడి, చెంచా, రెండు బిస్కెట్ పొట్లాలు, మూత మీద టేపుతో అంటించిన మా ఫోన్ నంబరు. అది టీచర్ బల్ల సొరుగులో ఉండేది, పీఈటీ పీరియడ్‌కు గ్రౌండ్‌లోకి వెళ్ళేది, విహారయాత్రకు బస్సు ఎక్కేది. షుగర్ పడిపోయినప్పుడు చాక్లెట్, పల్లీ చిక్కీ వంటివి ఇస్తే వాటిలోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. నీళ్ళలో కలిపిన గ్లూకోజ్ గానీ, మామూలు చక్కెర గానీ త్వరగా పనిచేస్తుంది. ఇది చాలామంది టీచర్లకు తెలియదు, ప్రేమ కొద్దీ చాక్లెట్ చేతిలో పెడతారు.

లక్షణాలు రాసేటప్పుడు పుస్తకంలో ఉన్నవన్నీ ఎత్తి రాయకుండా మీ పాపలో కనిపించేవి రాయండి. మా వాడికి ఫ్యాను కింద కూర్చున్నా నుదుటి మీద చెమట పట్టేది, చేతిరాత గీత దాటి కిందికి జారిపోయేది. తెలుగు టీచర్ గారు నోటుపుస్తకం చూసే కనిపెట్టేవారు. పిలిచినా పలకకపోవడం, కారణం లేకుండా కోపం తెచ్చుకోవడం కూడా కొందరిలో లక్షణాలే. వాటిని అల్లరి కింద జమకట్టి శిక్షించకూడదని ఒక వాక్యం రాయించండి. షుగర్ ఎక్కువైనప్పుడు మూత్రానికి మాటిమాటికీ వెళ్ళవలసి వస్తుంది. కాబట్టి అడిగినప్పుడల్లా పంపాలని, నీళ్ళ సీసా బల్ల మీదే ఉంచనివ్వాలని కూడా చేర్చండి.

పీఈటీ మాన్పించడం అనవసరం. పరుగు, ఆట షుగర్‌ను దించుతాయి కాబట్టి ఆటకు ముందు చూసుకుని, 90 కంటే తక్కువ ఉంటే కొంచెం తిని ఆడుతుంది. 250 దాటి కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు ఒంట్లో కొవ్వు కరిగి పుట్టే ఆమ్లాలు) కూడా ఉంటే ఆ రోజుకు ఆపుతుంది. అంతే తప్ప ఏడాది పొడుగునా గట్టు మీద కూర్చోబెట్టడం వైద్యం కాదు.

సమాధానం 2 (జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడు, వరంగల్ జిల్లా)

పై సోదరి చెప్పినదంతా సరైనదే. నేను బల్లకు ఇవతలి వైపు నుండి కొన్ని మాటలు చెబుతాను.

ఉపాధ్యాయుల భయాన్ని తేలికగా తీసుకోకండి. నలభై మంది పిల్లలున్న గదిలో, వైద్యంలో ఓనమాలు తెలియని మనిషిని సూది వేయమంటే ఎవరైనా వెనకడుగు వేస్తారు. కనుక సూది వేయమని అడగవద్దు. పాప తానే వేసుకుంటుంటే పక్కన నిలబడి చూడమని అడగండి. పాప గ్లూకోమీటర్‌లో షుగర్ చూసుకుంటుంది, టీచర్ ఆ అంకెను మీకు ఫోన్‌లో పంపుతారు, మీరు ఎన్ని యూనిట్లో చెబుతారు, పెన్నులో అదే అంకె వచ్చిందా లేదా అన్నది మాత్రం టీచర్ చూస్తారు. ఈ వయసు పిల్లలు తర్ఫీదు ఇస్తే పెన్ను వాడగలరు. మోతాదు లెక్కను మాత్రం పూర్తిగా వాళ్ళకు వదలకూడదు. ఇంత చిన్న సహాయం అడిగితే కాదనే ఉపాధ్యాయులు తక్కువ. వాడిన సూదులు వేయడానికి మూత ఉన్న గట్టి ప్లాస్టిక్ డబ్బా మీరే ఇచ్చి, నిండాక మీరే వెనక్కి తీసుకువెళ్ళండి. బడివారి అభ్యంతరాల్లో సగం దీనితోనే పోతాయి.

ఇక కాగితాల సంగతి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 వైకల్యాల జాబితాలో తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వ్యాధి ఉన్నాయి గానీ టైప్ 1 మధుమేహం లేదు. కాబట్టి ఆ చట్టాన్ని చూపించి అడిగితే బడివారు లేదని తేల్చేస్తారు, మీ మాట పలుచన అవుతుంది. దానికి బదులు జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ 2023లో రాష్ట్రాల విద్యాశాఖలకు రాసిన లేఖను చూపించండి. టైప్ 1 మధుమేహం ఉన్న పిల్లలను తరగతిలో షుగర్ చూసుకోనివ్వాలని, ఇన్సులిన్ తీసుకోనివ్వాలని, డాక్టరు సూచించిన వేళల్లో చిరుతిండి తిననివ్వాలని, ఆటలకు అనుమతించాలని, పరీక్షల్లో కూడా ఈ వెసులుబాట్లు ఉండాలని అందులో ఉంది. దాన్ని అనుసరించి ఉత్తరప్రదేశ్ విద్యాశాఖ తన బడులకు ఉత్తర్వు కూడా ఇచ్చింది. లేఖ అంటే చట్టం కాదు, నిజమే. అయినా ఒక ప్రిన్సిపాల్ తన యాజమాన్యం ముందు పెట్టుకోవడానికి ఆధారంగా పనికివస్తుంది. ఆరు నుండి పద్నాలుగేళ్ళ పిల్లలకు వర్తించే విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ, మానసిక వేధింపునూ నిషేధిస్తోంది. జబ్బు పేరు చెప్పి అందరి ముందూ బిడ్డను కించపరిస్తే అది గుర్తు చేయవచ్చు. ఇవేవీ పనిచేయకపోతే జిల్లా విద్యాశాఖాధికారికి వినతిపత్రం ఇచ్చి రసీదు తీసుకోండి; అయితే మొదటి రోజే అక్కడికి వెళ్ళవద్దని నా సలహా.

తోటి పిల్లల సంగతి కూడా మరచిపోకండి. ఇది అంటుకునే జబ్బు కాదని, మిఠాయిలు తినడం వల్ల రాలేదని, ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరపాటున ఇన్సులిన్ తయారుచేసే కణాలను నాశనం చేసిందని తరగతిలో ఒక్కసారి వివరిస్తే చాలు. నవంబరు 14 మనకు బాలల దినోత్సవం, ప్రపంచ మధుమేహ దినం కూడా అదే రోజు. మేము ఆ రోజు ప్రార్థన సమయాన్ని ఇందుకు వాడుకుంటాము. పాపకు ఇష్టమైతేనే ఆమె పేరు చెప్పండి.

సమాధానం 3 (డల్లాస్ నుండి ఒక తండ్రి)

మా అమ్మాయికి కూడా ఇదే సమస్య. ఇక్కడ 1973 నాటి పునరావాస చట్టంలోని 504వ సెక్షన్ కింద బడి మాతో కూర్చుని ఒక ప్రణాళిక రాస్తుంది. డాక్టరు ఇచ్చే వైద్య ప్రణాళిక దానికి ఆధారం. పరీక్ష మధ్యలో షుగర్ పడిపోతే గడియారం ఆపి, కోలుకున్నాక మిగిలిన సమయం ఇవ్వడం, ఒంటికి అంటించి ఉండే షుగర్ సెన్సర్ రీడింగు చూపే ఫోన్‌ను తరగతిలో ఉంచుకోనివ్వడం వంటివన్నీ అందులో రాస్తారు. మనదేశంలో ఆ చట్టం లేకపోయినా ఆ కాగితం నమూనా తీసుకోవచ్చు; అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ వెబ్‌సైటులో నమూనాలు ఉన్నాయి. చట్టమున్నంత మాత్రాన ఇక్కడ అంతా సాఫీగా జరుగుతుందని అనుకోకండి. టీచరు సెలవు పెట్టి బదులుగా వేరేవారు వచ్చిన రోజు మాకూ గుండె దడే. అందుకే బదులు వచ్చే టీచర్లకు కనిపించేలా హాజరు పట్టీ లోపలి వైపు ఒక ప్రతి అంటించమని అడిగాము. మీరూ అడగండి.

అడిగినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. తరగతి గదిలో డబ్బా ఉంచడానికి ప్రిన్సిపాల్ మేడమ్ ఈ రోజు ఒప్పుకున్నారు. సంతకం కాగితం సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. రెండు సందేహాలు మిగిలాయి. డబ్బాలో గ్లూకోజ్ ఎన్ని చెంచాలని రాయాలి? పెద్ద తరగతులకు వచ్చాక బోర్డు పరీక్షల మాటేమిటి?

సమాధానం 4 (పిల్లల ఆసుపత్రిలో నర్సు, హైదరాబాద్)

పెద్దలకు 15 గ్రాములని చెబుతారు. పిల్లలకు బరువును బట్టి, కిలోకు సుమారు 0.3 గ్రాముల చొప్పున లెక్కిస్తారు. అంటే 24 కిలోల పాపకు ఏడు గ్రాములు, ఇంచుమించు రెండు టీచెంచాల లోపు. మీ డాక్టర్ గారు ఇచ్చిన అంకెనే పేజీలో రాయండి. షుగర్ 70 కంటే తగ్గితే ఇచ్చి, 15 నిమిషాల తరువాత మళ్ళీ చూడాలి. పెరగకపోతే మరోసారి ఇవ్వాలి. కోలుకున్నాక తరువాతి భోజనం దూరంగా ఉంటే బిస్కెట్లు పెట్టాలి. మీటరు చేతికి అందకపోతే చూడడం కోసం ఆగకుండా ముందు గ్లూకోజ్ ఇచ్చేయమనండి. స్పృహ తప్పినా, ఫిట్స్ వచ్చినా నోట్లో ఏమీ పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. కంగారులో నీళ్ళు పోసేవారే ఎక్కువ కనుక ఈ వాక్యానికి ఎర్ర సిరా వాడండి.

బోర్డు పరీక్షల విషయానికి వస్తే, సీబీఎస్ఈ 2017 నుండే టైప్ 1 పిల్లలకు చక్కెర బిళ్ళలు, చాక్లెట్, అరటి, ఆపిల్, నారింజ వంటి పండ్లు, శాండ్‌విచ్ వంటి చిరుతిండి, అర లీటరు నీళ్ళ సీసా పరీక్ష కేంద్రానికి తెచ్చుకోనిస్తోంది. అవి ఇన్విజిలేటర్ దగ్గర ఉంటాయి, అవసరమైనప్పుడు ఇస్తారు. డాక్టరు ధ్రువపత్రం ప్రిన్సిపాల్ ద్వారా ముందే వెళ్ళాలి. మీది రాష్ట్ర బోర్డు అయితే పరీక్ష దరఖాస్తుల సమయంలోనే హెడ్మాస్టర్ ద్వారా రాతపూర్వకంగా అడిగి, వచ్చిన జవాబు ప్రతిని పరీక్ష రోజు వెంట ఉంచుకోండి. జేఈఈ మెయిన్‌లో కూడా చక్కెర బిళ్ళలు, పండ్లు, పారదర్శకమైన నీళ్ళ సీసా అనుమతిస్తారు, ప్యాకెట్ తినుబండారాలను మాత్రం రానివ్వరు.

ఇంకొకటి. మార్చి సగం నుండి ఒంటిపూట బడులు మొదలైతే పాప మధ్యాహ్నం ఇంటికే వస్తుంది, మీ అత్తగారికి ఆటో ప్రయాణం తప్పుతుంది. కానీ ఉదయం టిఫిను ముందుకు జరుగుతుంది, ఇంటర్వెల్‌కూ ఇంటి భోజనానికీ మధ్య విరామం పెరుగుతుంది. ఆ వ్యవధిలోనే షుగర్ పడిపోవడం మేము ఎక్కువగా చూస్తాము. వేళలు మారే ముందు వారంలోనే డాక్టర్ గారిని కలిసి మోతాదు మార్పించుకుని, పేజీలో సమయాలు దిద్ది కొత్త ప్రతులు ఇవ్వండి. వాడకంలో ఉన్న పెన్ను 30 డిగ్రీలు దాటని చోట సుమారు నాలుగు వారాలు బాగుంటుంది గానీ ఎండలో నిలిపిన బడి వ్యానులో పాడైపోతుంది. బడిలో ఫ్రిజ్ లేకపోతే నీడలో పెట్టిన మట్టికుండలో, తడి తగలకుండా చిన్న డబ్బాలో ఉంచితే చాలు. ఐసు ముక్కలకు ఆనించి పెట్టకండి. గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్ళీ కరిగినా పనికిరాదు.