వైట్‌హార్స్‌లో స్లెడ్ కుక్కల దగ్గర పని, ఒప్పుకోవచ్చా?

వైట్‌హార్స్ కొత్త కుర్రాడు:
అందరికీ నమస్కారం. ఆగస్టులో ఇక్కడ కెనడా ఉత్తరాన యూకన్ యూనివర్సిటీలో చేరాను. మాది కొత్తగూడెం. ఇక్కడ ఊరికి 30 కిలోమీటర్ల దూరంలో స్లెడ్ (మంచు మీద జారే బండి) లాగే కుక్కల్ని పెంచే కెన్నెల్ ఒకటి ఉంది. 42 కుక్కలు. శని, ఆదివారాలు హ్యాండ్లర్‌గా, అంటే కుక్కల్ని చూసుకునే పనికి రమ్మంటున్నారు. చలికాలం ముందు శిక్షణ మొదలైందట. నేనేమో జన్మలో కుక్కను పెంచినవాణ్ణి కాదు. చిన్నప్పుడు ట్యూషన్ నుంచి వస్తుంటే వీధికుక్కలు తరిమి సైకిల్ మీంచి పడ్డాను, ఆ మచ్చ ఇంకా ఉంది. పైగా మా ఇంట్లో మాంసం తినం. భయం పోతుందా? మైనస్ ముప్ఫైలో కూడా అవి బయటే పడుకుంటాయట, పాపం కాదా? చదువు సాగుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

టొరంటో నుంచి:
42 కుక్కలా! కాఫీ షాపులో ఖాళీలు లేవా తమ్ముడూ?

వైట్‌హార్స్, నాలుగో చలికాలం:
తమ్ముడూ, రెండు సీజన్లు ఈ పనే చేశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ పాపం సంగతి. నువ్వు జాలిపడాల్సింది జనవరిలో కాదు, ఇప్పుడు. ఇవి అలాస్కన్ హస్కీలు. సినిమాల్లో చూసే నీలికళ్ల బొద్దు కుక్కలనుకోకు, చాలావరకు 20, 25 కిలోల సన్నటి కుక్కలు. బొచ్చు మాత్రం రెండు పొరలు. మైనస్ ఇరవైలో తోక ముక్కు మీద కప్పుకుని గడ్డి మీద హాయిగా నిద్రపోతాయి. అదే 15 డిగ్రీల ఎండలో పరుగెత్తిస్తే ఒళ్లు వేడెక్కి ప్రాణం మీదికొస్తుంది. మనకు పట్టినట్టు వాటికి ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాపి రొప్పడమే దారి. అందుకే సెప్టెంబర్‌లో శిక్షణ తెల్లవారుజామున గానీ, చీకటి పడ్డాక గానీ. పది డిగ్రీలు దాటితే మా యజమానురాలు క్వాడ్ (నాలుగు చక్రాల చిన్న మోటారు బండి) తాళమే తీసేది కాదు. కొత్తగూడెం ఎండల్లో పెరిగిన మనకు చలి శత్రువు, వాటికి ఎండ శత్రువు. ఇది బుర్రకెక్కితే సగం పని వచ్చినట్టే.

మంచు పడేదాకా స్లెడ్ ఉండదు. బండి క్వాడే. మోకు లాంటి పొడవాటి గ్యాంగ్‌లైన్‌కు పది పన్నెండు కుక్కల్ని జతలు జతలుగా కట్టి, మూడొందల కిలోల బండిని లాగిస్తారు. ఇంజిన్ గేరులోనే ఉంటుంది, కుక్కల్ని లాగడానికి కాదు, ఆపడానికి. పరుగెత్తడం వాటికెవరూ నేర్పక్కర్లేదు. వేగం గంటకు 14, 15 కిలోమీటర్లు దాటకుండా పట్టి ఉంచడమే మన పని. వేసవంతా ఖాళీగా ఉన్న కీళ్లు, కండరాలు మొదటిరోజే ఎగబడితే భుజం పట్టేస్తుంది, మణికట్టు వాస్తుంది. మొదట నాలుగైదు కిలోమీటర్లు, మధ్యలో ఆపి నీళ్లు, రెండ్రోజులకోసారి సెలవు. అలా పెంచుకుంటూ పోతే అక్టోబర్ చివరికి ఇరవై దాటతాయి, పందెం కుక్కలైతే డిసెంబర్‌కి అరవై కూడా.

కట్టేటప్పుడు గోల వినాలి నువ్వు! హార్నెస్ (కుక్క ఒంటికి తొడిగే పట్టీలు) చేతిలోకి తీసుకున్నావో లేదో 42 గొంతులూ ఒక్కసారి లేస్తాయి. మొదటిరోజు నాకు చెవులు పనిచేయలేదు. నన్ను తీసుకెళ్లు, నన్ను తీసుకెళ్లు అని గెంతులు. బండి కదిలిన మరుక్షణం మాత్రం గప్‌చిప్. అడుగుల చప్పుడు, ఊపిరి చప్పుడు తప్ప ఇంకేం ఉండదు. ఆ మొదటి పది సెకన్ల కోసమే రెండో ఏడు కూడా వెళ్లాను.

ముందు లీడర్లని కడతారు, లైను బిగుతుగా పట్టి నిలబడేది అవే. వాటి వెనక స్వింగ్, తర్వాత టీమ్ కుక్కలు, బండికి ఆనుకుని వీల్ కుక్కలు. నీకు అప్పగించేది గూటి దగ్గర్నుంచి లైను దాకా నడిపించుకు రావడం. పట్టెడ పట్టుకుని ముందుకాళ్లు గాల్లోకి లేపి రెండు కాళ్ల మీద నడిపించు. నాలుగు కాళ్లూ నేలమీద ఉంటే అది నిన్ను బురదలో ఈడ్చుకుపోతుంది. కావాలంటే ఒకసారి ప్రయత్నించి చూడు, ఎలాగూ చూస్తావు.

నా తప్పు కూడా చెప్తాను. మొదటి అక్టోబర్‌లో, బండిని స్తంభానికి కట్టే తాడు యజమానురాలు చెప్పకముందే విప్పేశాను. ఆమె ఇంకా సీటు ఎక్కలేదు. ఎనిమిది కుక్కలూ ఖాళీ క్వాడ్‌తో వెళ్లిపోయాయి. ఇంజిన్ గేరులో ఉంది కాబట్టి సరిపోయింది, రెండు కిలోమీటర్ల అవతల పొదల్లో లైను చిక్కుపడి ఆగాయి. ఒకదానికి చంకలో చర్మం కొట్టుకుపోయింది. ఆమె తిట్టలేదు. ఆ కుక్కకి వారం రోజులు మందు రాసే పని నాకు ఇచ్చింది. తాడు ఎవరు విప్పమంటే విప్పాలో ముందే అడిగి పెట్టుకో. మంచు పడి స్లెడ్ ఎక్కాక దానికి ఇంకో నియమం తోడవుతుంది: పడినా, ఈడ్చుకుపోయినా హ్యాండిల్ వదలకూడదు.

ఇక రోజువారీ పని. అందులో పరుగు పావు వంతు కూడా ఉండదు. పొద్దున్నే పెంట ఎత్తడం, సాయంత్రం మళ్లీ ఎత్తడం. ముఖం చిట్లించుకోకు, కుక్క ఒంట్లో ఏముందో ముందు తెలిసేది అక్కడే. పల్చగా ఉంటే ఏ కుక్కదో గుర్తుపెట్టుకుని చెప్పాలి. విరేచనాలైన కుక్కని పరుగెత్తిస్తే ఒంట్లో నీరు పోయి కూలబడుతుంది. తర్వాత నీళ్లు. చలి పెరిగేకొద్దీ వట్టి నీళ్లు ముట్టవు, వాటిలో కాస్త మాంసం పులుసో కొవ్వో కలిపి ఆశపెట్టి తాగించాలి. పరుగుకి రెండు గంటల ముందు ఈ పల్చటి పులుసే. అసలు భోజనం పరుగయ్యాకే, నిండు కడుపుతో పరుగెత్తిస్తే కడుపు మెలిపడొచ్చు. చలికాలం నడిమధ్యలో పందెం కుక్క రోజుకి పదివేల కేలరీల దాకా తింటుంది. అంటే నలుగురైదుగురు మనుషుల తిండి!

నువ్వు మాంసం తినవు కదా, ఆలోచించుకోవాల్సింది ఇక్కడే. గడ్డకట్టిన మాంసం దిమ్మల్ని గొడ్డలితో కొట్టాలి, చేపలు కోయాలి, వాసన జుట్టుకి కూడా పడుతుంది. నేను మాంసం తినేవాణ్ణే, అయినా మొదటివారం అన్నం సహించలేదు. చేయలేనంటే ముందే చెప్పు. గూళ్లు, నీళ్లు, పాదాలు చూసే పని ఇచ్చేవాళ్లు ఉంటారు.

పాదాలంటే చిన్నపని అనుకోకు. ప్రతి పరుగు తర్వాత ప్రతి కుక్కకీ నాలుగు పాదాలు, వేళ్ల మధ్య చర్మం విడదీసి చూడాలి. కంకర రోడ్డు మీద గీతలు పడతాయి, మంచు పడ్డాక వేళ్ల మధ్య ఉండలు కడుతుంది. లేపనం రాయాలి, పరుగుకి ముందు బూటీలు (పాదాలకి గుడ్డ తొడుగులు) తొడగాలి. బూటీ వదులైతే దారిలో ఊడిపోతుంది, బిగిస్తే కాలు వాస్తుంది. పన్నెండు కుక్కలకి 48 బూటీలు, చేతులకి గ్లవ్స్ లేకుండా. నీ భయం పోయేది కూడా అక్కడే. కాలు ఒళ్లో పెట్టి నీ మీద వాలిపోయిన కుక్కని చూసి ఎంతసేపు భయపడతావు?

ఒక్క మాట. ఒప్పుకునే ముందు ఒకసారి వెళ్లి చూసిరా. మనిషి కనబడగానే కుక్కలు ఎదురొస్తున్నాయా, గూట్లోకి దూరుతున్నాయా? పక్కటెముకలు ఎంత కనిపిస్తున్నాయి? పరుగు మానేసిన ముసలి కుక్కలు ఎక్కడున్నాయని అడుగు. ఆ ప్రశ్నకి తడబడే చోట నేనైతే పనిచేయను.

ఫెయిర్‌బ్యాంక్స్ అక్క:
నాన్నా, అన్నయ్య కుక్కల గురించి చెప్పాడు, నేను కాగితాల గురించి చెప్తాను. నీ స్టడీ పర్మిట్‌లో క్యాంపస్ బయట పనికి అనుమతి ఉందో లేదో చూసుకో. ఉంటే, 2024 నవంబర్ నుంచి క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 24 గంటలు. "జీతం లేదు, గది, భోజనం ఇస్తాం" అన్నా అది పనిగానే లెక్కకు రావచ్చు. చాలా కెన్నెళ్లు ఇలాగే అడుగుతాయి. నోటిమాట మీద వెళ్లకు, పే స్లిప్ ఉండాలి. దెబ్బ తగిలితే రేపు అదే నీకు ఆధారం. ఇక్కడ అలాస్కాలో ఎఫ్1 (అమెరికా స్టూడెంట్ వీసా) మీద ఉన్న మన పిల్లలు ఇది చూసి ఉత్సాహపడకండి, మీకు నియమాలు వేరు.

బట్టలు: కాటన్ బనియన్ ఇంట్లో వదిలెయ్. చెమటకి తడిసి ఒంటికి అతుక్కుంటే అదే చంపుతుంది. లోపల ఉన్ని, పైన గాలి చొరని జాకెట్. చేతికి పల్చటి గ్లవ్స్, వాటి మీద పెద్ద మిటెన్లు (వేళ్లు విడిగా లేని గ్లవ్స్), మెడలో తాడుకి వేలాడేవి కొను. కుక్కల్ని కట్టే కొక్కేలు చాలావరకు ఇత్తడివి, మైనస్ ముప్ఫైలో వట్టి వేళ్లు తగిలితే అతుక్కుంటాయి. వేళ్లు తెల్లబడితే మంచుతో రుద్దకు, చంకలో పెట్టుకుని లోపలికి రా. మైనస్ నలభై వచ్చిందంటే మీకూ మాకూ లెక్క ఒకటే, సెల్సియస్ అయినా ఫారెన్‌హీట్ అయినా.

మీ ఊరికీ మా ఊరికీ మధ్య 1984 నుంచి 2020 దాకా వెయ్యి మైళ్ల స్లెడ్ కుక్కల పందెం, యూకన్ క్వెస్ట్ జరిగేది, ఒక ఏడు ఇక్కడ మొదలైతే మరుసటి ఏడు అక్కడ. పిల్లల్ని చంకనేసుకుని చూడ్డానికి వెళ్లేదాన్ని. ఇప్పుడు రెండువైపులా విడివిడిగా చిన్న పందేలు. ఫిబ్రవరిలో మీ వైపు పందెం ఉంటే తప్పకుండా వెళ్లు.

వైట్‌హార్స్ కొత్త కుర్రాడు:
అన్నా, అక్కా, చాలా థాంక్స్. పర్మిట్ చూశాను, అనుమతి ఉంది. మాంసం సంగతి అమ్మకి చెప్పలేదు, చెప్పను కూడా. ఇంకో చిన్న డౌట్. వాటికి కుడి ఎడమలు ఎలా చెప్తారు? తెలుగులో చెప్తే వినవా?

వైట్‌హార్స్, నాలుగో చలికాలం:
జీ అంటే కుడి, హా అంటే ఎడమ. ఆన్ బై అంటే దాన్ని పట్టించుకోకుండా ముందుకు పద అని, కుందేలు అడ్డొచ్చినప్పుడు పనికొస్తుంది. ఆగమంటే వో, అది వినేది మాత్రం బ్రేకు తొక్కాకే. జీ, హా నిజానికి ఇంగ్లీషు రైతులు గుర్రాలకీ ఎద్దులకీ చెప్పిన మాటలే. మా తాత అరక కట్టి ఎద్దులకి దాపట (ఎడమ), వలపట (కుడి) అన్నట్టే. ఒకరోజు ఎవరూ లేనప్పుడు "వలపట!" అని గట్టిగా అరిచి చూశాను. లీడర్ వెనక్కి తిరిగి నావైపు అదోలా చూసి, తనకిష్టమైన ఎడమవైపే పోయింది.

అక్కడికి బస్సు లేదు. ఈ శనివారం నేను ఆ రోడ్డులోనే వెళ్తున్నా, పొద్దున ఐదింటికి సిద్ధంగా ఉండు. పారేసినా బాధలేని ప్యాంటు వేసుకో, హెడ్‌ల్యాంప్ నా దగ్గర రెండోది ఉంది. ఎలుగుబంట్లు ఇంకా నిద్రకి పోలేదు కాబట్టి తినేదేదైనా ఉంటే కారులోనే వదిలెయ్.