ట్రైలర్ తగిలిస్తే పికప్ వెనక బ్రేకులు పట్టడం లేదు, ఏం చేయాలి?

ముందు డిస్క్, వెనక డ్రమ్ ఉన్న పికప్ నాది. ట్రైలర్‌తో పల్లం దిగాక చూస్తే ముందు చక్రాల దగ్గర మాడు వాసన, వెనక డ్రమ్ములు మాత్రం గోరువెచ్చగా కూడా ఉండవు. ట్రైలర్ బ్రేకులు బాగానే పనిచేస్తున్నాయి. లైనర్లు కొత్తవి, వీల్ సిలిండర్లలో లీకు లేదు, ఎయిర్ కూడా తీయించాను.

వెనక యాక్సిల్‌కి కడ్డీతో కలిపిన లోడ్ సెన్సింగ్ వాల్వ్ మీదే నా అనుమానం. బండి వెనక భాగం కుంగితేనే అది వెనక బ్రేకులకు ప్రెషర్ పెంచుతుంది. గట్టి కమాన్ పట్టీలు వేయించాక బండి పెద్దగా కుంగడం లేదు మరి!

కడ్డీ సర్దితే సరిపోతుందా? ప్రెషర్ ఎక్కువైతే ఖాళీ బండికి తడి రోడ్డు మీద వెనక చక్రాలు లాక్ అవుతాయేమోనని టెన్షన్. వెనక కూడా డిస్కులకు మారిస్తే మాస్టర్ సిలిండర్ మార్చాలా, హ్యాండ్ బ్రేక్ సంగతేంటి? చేయించినవాళ్లు చెప్పండి ప్లీజ్.