చర్చ: ఎమ్మెల్యే మూడు నెలలకోసారి మనకు రాతపూర్వకంగా లెక్క చెప్పాలా?

తూర్పు అంచు (చర్చ మొదలుపెట్టినవారు):

అందరికీ నమస్కారం. పదకొండేళ్ళుగా బెంగళూరులో తూర్పు వైపు ఉంటున్నాను. ఓటు కూడా ఇక్కడికే మార్చుకున్నాను. ఏ నియోజకవర్గమో, ఏ పార్టీయో చెప్పను. నా ప్రశ్న ఒక మనిషి గురించి కాదు.

మా వీధి వెనక మురుగునీటి పైపు కోసం తవ్వి ఏడు నెలలుగా అలాగే వదిలేశారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఆటో ఇంటిదాకా రాదు. ఎమ్మెల్యే ఆఫీసు నడిపే వాట్సాప్ గ్రూపులో నేనూ ఉన్నాను. అందులో మనం రాయడానికి వీల్లేదు, చదవడం వరకే. పోయిన ఆదివారం కూర్చుని మూడు నెలల మెసేజీలన్నీ చదివాను. గుద్దలి పూజలు (అంటే శంకుస్థాపనలు), పుట్టినరోజు శుభాకాంక్షలు, గుడి ఉత్సవాలు, శాలువాలు. మా పైపు సంగతి లేదు. సరే, అది ఒక్క వీధి గొడవ అనుకుందాం. కానీ ఆ మూడు నెలల్లోనే శాసనసభ సమావేశాలు కూడా జరిగాయి. మా తరఫున అక్కడ ఏం అడిగారు, ప్రభుత్వం ఏం జవాబిచ్చింది? దాని గురించి ఒక్క ముక్క లేదు.

మా పిన్ని కూతురు అమెరికాలో ఉంటుంది. వాళ్ళ రాష్ట్ర శాసనసభ్యురాలు పంపే ఈమెయిల్ ఒకటి నాకు పంపింది. ఏ బిల్లు ఎక్కడిదాకా వచ్చింది, తను ఎటు ఓటేసింది, ఎందుకు వేసింది, ఊళ్ళో ఏ రోజు కలవచ్చు, అన్నీ ఉన్నాయి. ఆమె చెప్పినవాటిలో సగం నాకు నచ్చలేదు. అయినా అలాంటి ఉత్తరం నాకూ రావాలనిపించింది.

ఇలాంటిది మన ఎమ్మెల్యేలకు తప్పనిసరి చేయాలా? నా మటుకు నాకు చేయాలనే ఉంది. మీరేమంటారు?

రిటైర్డ్ గుమాస్తా:

బాబూ, మీ బాధ అర్థమైంది. అయినా నేను ఒప్పుకోను.

ముప్పై ఏళ్ళు ప్రభుత్వ ఆఫీసులో కాగితాలు చూసినవాణ్ని. తప్పనిసరి అన్న ప్రతి నివేదికా రెండేళ్ళలో ఒకే నమూనా అయిపోతుంది. పాత తేదీ కొట్టేసి కొత్త తేదీ వేస్తారు. ఎమ్మెల్యే రాయడు, పీఏ రాస్తాడు. చదివేది ఎవరు? అపార్ట్‌మెంట్లలో ఉండే మీలాంటివాళ్ళు. పొద్దున ఆరింటికి ఎమ్మెల్యే ఇంటి ముందు నిలబడేవాళ్ళను ఎప్పుడైనా చూశారా? ఆస్పత్రి బిల్లు, పిల్ల కాలేజీ సీటు, ఆగిపోయిన వితంతు పింఛను. వాళ్ళకి మనిషి కనపడాలి, మాట వినాలి. ఆ గంటన్నర సమయాన్ని కాగితం తినేస్తే నష్టపోయేది వాళ్ళే. నాకు ఆ భయం నిజంగా ఉంది.

తూర్పు అంచు:

పెద్దవారు, మీ మాట కాదనలేను. కానీ ఆ గుమ్మం ముందుకు పొద్దున ఆరింటికి వెళ్ళలేనివాళ్ళూ ఉన్నారు కదండీ. మా ఇంట్లో పనిచేసే అక్క అయిదున్నరకే మొదటి ఇంటికి వెళ్తుంది. ఆవిడకు ఎవరు చెప్పాలి?

బళేపేట మనవడు:

రెండు వైపులా న్యాయం ఉంది. నా సమస్య వేరు. ఇక్కడ చాలామంది ‘తెలుగులో ఇస్తే బాగుండు’ అనబోతున్నారు. ముందే చెప్తున్నా, నేను వ్యతిరేకం.

మా తాతల కాలం నుంచి పాత పేటల్లోనే ఉన్నాం. ఇంట్లో తెలుగే. కానీ మా నాన్న చదివేది కన్నడ లిపి, నేను బళ్ళో నేర్చుకున్నదీ అదే. బెంగళూరులో పాత తెలుగు కుటుంబాల్లో తెలుగు అక్షరం రానివాళ్ళు ఎంతమందో. మీరు అచ్చు తెలుగులో వేస్తే మా నాన్న చదవలేడు, కన్నడలో వేస్తే హాయిగా చదువుతాడు. 1963 నాటి చట్టం ప్రకారం రాష్ట్ర అధికార భాష కన్నడ. సభలో ప్రశ్నలూ జవాబులూ ఎక్కువగా కన్నడలోనే ఉంటాయి. రెండు లిపులూ అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి, శ్రద్ధ పెడితే నెలలో పట్టుబడుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ కష్టం పడాలని నా ఉద్దేశం. తెలుగు అడిగితే రేపు మన మీదే గొడవ వస్తుంది, అసలు విషయం పక్కకి పోతుంది.

ఇద్దరు పిల్లల అమ్మ:

బళేపేట తమ్ముడూ, మీరు చెప్పింది నిజమే. నేను వచ్చి ఆరేళ్ళయింది, కన్నడ మాట్లాడతాను, చదవడం రాదు. అది నా లోపమే. నేర్చుకుంటాను. కానీ నేర్చుకునేలోపు జరిగేవి ఆగవు కదా.

2024 అక్టోబర్‌లో ఏమైందో గుర్తుచేసుకోండి. బెంగళూరులో ఆస్తి రిజిస్ట్రేషన్‌కి ఈ-ఖాతా, అంటే కార్పొరేషన్ ఆన్‌లైన్‌లో ఇచ్చే ఆస్తి పత్రం, తప్పనిసరి అన్నారు. మా ఆయన ఫ్లాటు అమ్మి అప్పు తీర్చాలని అప్పటికే అడ్వాన్సు తీసుకున్నారు. ఏ కాగితాలు కావాలి, ఎక్కడికి వెళ్ళాలి, ఎవరూ చెప్పేవాళ్ళు లేరు. బ్రోకరు ఒక మాట, ఆఫీసులో ఒక మాట. ఇంట్లో నెలన్నర టెన్షన్. చివరికి పని అయ్యింది. ఆ నెలన్నరలో ఎమ్మెల్యే ఆఫీసు ఒక్క పేజీ, ఏ భాషలోనైనా సరే, వాట్సాప్‌లో పెట్టి ఉంటే నేను పక్కింటావిడతో చదివించుకునేదాన్ని.

ఆ తర్వాత నగరాన్ని అయిదు కార్పొరేషన్లు చేశారు. ఇప్పుడు చెత్త బండి రాకపోతే ఏ కార్పొరేషన్‌లో ఎవరికి ఫోన్ చేయాలి? ఇది అడగడం పెద్ద కోరికా?

చట్టం చదివినవాడు:

పైన అక్క చెప్పిన అయిదు కార్పొరేషన్ల సంగతే తీసుకుందాం. ఆ బిల్లు 2024 జూలైలో శాసనసభకు వచ్చింది. సభ్యుల కమిటీ పరిశీలనకు వెళ్ళింది. 2025 మార్చిలో సభ ఆమోదించింది, మే 15 నుంచి చట్టం అమల్లోకి వచ్చింది, సెప్టెంబర్‌లో అయిదు కార్పొరేషన్లు ఏర్పడ్డాయి. అంటే మొత్తం ఏడాదికి పైగా సమయం ఉంది. మీ వార్డు ఎటు పోతుంది, పన్ను ఎవరికి కట్టాలి అని మీ ఎమ్మెల్యే మీకు ఒక్కసారైనా చెప్పారా? ఎమ్మెల్యే మొదటి పని చట్టం చేయడం. కాలువ మూతల గురించి రోజూ వింటున్నాం, ఆ మొదటి పని గురించి మాత్రం ఏమీ వినం. నాకు బాధ కలిగించేది అదే.

దీనికి ఒక కారణం ఉంది. బెంగళూరు పాలికె, అంటే అప్పటి నగర కార్పొరేషన్, గడువు 2020 సెప్టెంబర్‌లో ముగిసింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి 198 వార్డుల్లో ఒక్క కార్పొరేటరూ లేడు. కార్పొరేటర్ పనంతా ఎమ్మెల్యే నెత్తిన పడింది. దీపం వెలగకపోయినా ఆయనే, కుక్క కరిచినా ఆయనే. చట్టం గురించి మాట్లాడే ఓపిక ఆయనకూ లేకుండా పోయింది, వినే ఓపిక మనకూ లేకుండా పోయింది.

తూర్పు అంచు గారు, మీరు చూపిన అమెరికా ఉత్తరం మంచిదే. కానీ దాన్ని ఇక్కడికి యథాతథంగా తేలేం. ‘నేను ఎటు ఓటేశాను’ అని అక్కడ రాయొచ్చు. ఇక్కడ చాలా బిల్లులు మూజువాణి ఓటుతో అయిపోతాయి, ఎవరు ఔనన్నారో పేరుపేరునా రికార్డు ఉండదు. పైగా 1985లో రాజ్యాంగంలో చేర్చిన పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిరోధక చట్టం) ప్రకారం పార్టీ విప్‌కి, అంటే ఎటు ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశానికి, విరుద్ధంగా ఓటేస్తే సభ్యత్వమే పోవచ్చు. కాబట్టి ఓటు వివరం అడిగి ప్రయోజనం తక్కువ. అడగాల్సినవి వేరే ఉన్నాయి. సభలో ఏ ప్రశ్న వేశారు? మంత్రి జవాబు ఏమిటి? ఏ కమిటీలో ఉన్నారు, ఎన్ని సమావేశాలకు వెళ్ళారు? వీటికి విప్ అడ్డు రాదు.

ఇక డబ్బు. కర్ణాటకలో ఒక్కో శాసనసభ్యుడికి స్థానిక అభివృద్ధి నిధి ఏడాదికి 2 కోట్ల రూపాయలు. ఎమ్మెల్యే పనిని సిఫారసు చేస్తారు, మంజూరు జిల్లాధికారి (కలెక్టర్) ఆఫీసులో జరుగుతుంది. అంటే జాబితా ఇప్పటికే ఒక ఫైల్లో ఉంది. కొత్తగా రాయాల్సిన అవసరం లేదు. 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ కూడా ప్రభుత్వ ఆఫీసులు ఇలాంటివి ఎవరూ అడగకముందే బయట పెట్టాలంటుంది.

అయినా కొత్త నియమానికి నేను ఒప్పుకోను. ఉన్నది అమలు చేయించుకోవాలి.

సర్జాపుర రోడ్డు, అద్దె ఇల్లు:

నా ఓటు నెల్లూరులో ఉంది. ఇక్కడ అద్దె కడతాను, ట్యాంకర్ నీళ్ళు కొంటాను. 2024 ఎండాకాలంలో నీళ్ళకే నెలకు జీతంలో ఎంత పోయిందో చెప్తే మా ఇంట్లో నమ్మలేదు. ఆ అక్టోబర్ 16న కావేరి తాగునీటి పథకం అయిదో దశ ప్రారంభించారు. రోజుకు 77.5 కోట్ల లీటర్లు, 2007లో నగరంలో కలిసిన 110 ఊళ్ళకు అన్నారు. సంతోషించాను. మా వీధికి ఎప్పుడు వస్తుందో చెప్పినవాళ్ళు లేరు. ఓటు లేని నాలాంటివాళ్ళకి అడిగే హక్కు ఉందా? నిజంగానే తెలియక అడుగుతున్నాను.

రిటైర్డ్ గుమాస్తా:

ఉంది నాయనా. ఎమ్మెల్యే ఆ ప్రాంతం మొత్తానికి ప్రతినిధి, తనకు ఓటేసినవాళ్ళకి మాత్రమే కాదు. అయినా ఇంత కాలం ఉంటున్నావు, ఓటు ఇక్కడికి మార్చుకో.

వైట్‌ఫీల్డ్ నర్సు:

నాది ఒక్కటే భయం. నివేదిక పంపాలంటే మా ఫోన్ నంబర్లు కావాలంటారు. 2022 నవంబర్‌లో బెంగళూరులో ఒక ప్రైవేటు సంస్థ ఇంటింటికీ తిరిగి ఓటర్ల వివరాలు సేకరించిందని ఎంత గొడవైందో మరిచిపోలేదు. మా ఇంటికి కూడా ఎవరో వచ్చి అన్నీ రాసుకుపోయారు, ఎవరో ఇప్పటికీ తెలియదు. నంబరు ఇస్తే ఎన్నికల వేళ ఫోను మోగుతూనే ఉంటుంది. కాగితం గోడకు అంటించండి. రేషన్ షాపు, ఆరోగ్య కేంద్రం, బస్టాపు. నంబరు అడగకుండా చేసేదైతేనే నేను ఒప్పుకుంటాను.

చట్టం చదివినవాడు:

నర్సు గారి మాటకి పూర్తిగా మద్దతు. ఇంకొకటి కలుపుతాను. ప్రజల డబ్బుతో అచ్చు వేస్తే అది ప్రకటనగా మారే ప్రమాదం ఉంది. 2015 మే 13న సుప్రీంకోర్టు ప్రభుత్వ ప్రకటనల్లో రాష్ట్రపతి, ప్రధాని, ప్రధాన న్యాయమూర్తి ఫోటోలు తప్ప వేయకూడదంది. 2016 మార్చిలో గవర్నర్లకీ ముఖ్యమంత్రులకీ మంత్రులకీ సడలించింది. మామూలు ఎమ్మెల్యే ఆ జాబితాలో లేరు. అమెరికా కాంగ్రెస్‌లో కూడా ఎన్నికలకు ముందు కొన్ని వారాలు ప్రభుత్వ ఖర్చుతో మూకుమ్మడి ఉత్తరాలు పంపకూడదు. కాబట్టి మన నివేదికలో ఫోటో ఉండకూడదు, ఎన్నికల ఏడాది చివరి నెలల్లో అది రాకూడదు. ఈ రెండూ ఒప్పుకుంటే తప్పనిసరి అన్న మాట మీద నేను మళ్ళీ ఆలోచిస్తాను.

తూర్పు అంచు:

ఫోటో వద్దన్న మాట నేను అనుకోనిది. నాకు వచ్చిన మెసేజీలు అన్నీ ఫోటోలే. ఫోటో తీసేస్తే ఏం మిగులుతుందని ఆలోచిస్తే అసలు నాకేం కావాలో స్పష్టమైంది.

నాకు కావలసింది అయిన పనుల జాబితా కాదు. ఆగిన పనుల జాబితా. మా పైపు ఎందుకు ఆగింది? కాంట్రాక్టర్‌కి బిల్లు రాలేదా, జలమండలికీ (నీళ్ళు, మురుగు చూసే సంస్థ) రోడ్ల విభాగానికీ మధ్య అనుమతి తేలలేదా, వర్షం వల్లా? కారణం తెలిస్తే ఇంకో మూడు నెలలు ఓర్చుకుంటాను. ఓర్చుకునే శక్తి మా అమ్మకి నాకంటే ఎక్కువే ఉంది. కారణం తెలియకుండా రోజూ ఆ గుంత దాటడమే కష్టం. ఒక పేజీ చాలు. సభలో అడిగినవి, వచ్చిన జవాబు. నిధిలో ఏ పనికి ఎంత సిఫారసు చేశారు. ఏవి ఆగాయి, ఎవరి దగ్గర ఆగాయి. కలిసే రోజు.

రిటైర్డ్ గుమాస్తా:

‘ఎవరి దగ్గర ఆగాయి’ అన్నది రాయించగలిగితే నేను నా మాట కొంత వెనక్కి తీసుకుంటాను. ఫైలు ఎవరి టేబుల్ మీద ఉందో బయట తెలిసిన రోజున అది కదలడం నేను కళ్ళారా చూశాను. కానీ కాగితంతో పాటు చదివి వినిపించడం కూడా ఉండాలి. చదువు రానివాళ్ళ కోసం వార్డులో ఒక చోట, ఒక పూట. అది లేకపోతే మాత్రం నేను ఇప్పటికీ వ్యతిరేకమే.

ఇద్దరు పిల్లల అమ్మ:

సాయంత్రం ఏడు తర్వాత పెట్టండి. అప్పుడైతే పనికి వెళ్ళే ఆడవాళ్ళు రాగలరు.

బళేపేట మనవడు:

తెలుగు విషయంలో నా మాట మారదు. కానీ ఒక పని చేస్తాను. తూర్పు అంచు అన్న రాసిన ఆ పేజీని ఎమ్మెల్యే ఆఫీసుకి ఇవ్వడానికి వినతిపత్రంగా కన్నడలో రాసిస్తాను. నిధి జాబితా కోసం సమాచార హక్కు దరఖాస్తు కూడా పెడదాం. కర్ణాటకలో రుసుము 10 రూపాయలు, 150 మాటలు దాటకూడదు, ఒక దరఖాస్తులో ఒకే విషయం ఉండాలి. అందుకే పైపు సంగతి అందులో కలపకండి, దానికి వేరేది రాద్దాం. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. వచ్చింది కన్నడలో ఉంటే ఇక్కడ చదివి నేనే చెప్తాను.

తూర్పు అంచు:

తమ్ముడూ, శనివారం పొద్దున నేను ఆఫీసు దగ్గర ఉంటాను. పెద్దవారూ, మీకు వీలైతే మీరూ రండి. గుమ్మం ముందు ఎలా మాట్లాడాలో మాకంటే మీకే తెలుసు.

రిటైర్డ్ గుమాస్తా:

ఆరింటికే రావాలి. ఏడు దాటితే ఆయన దొరకడు.